రాకెట్టు పిల్లల వెనుక లేతు మిషను మనిషి

మన జిల్లాలో బొగ్గు బావుల చుట్టుపక్కల ఉన్న గ్రామాల వారు ఒక్కసారైనా చూడవలసిన బొమ్మ ఒకటుంది. పేరు 'అక్టోబర్ స్కై'. 1999లో వచ్చిన అమెరికా చిత్రం. కొట్లాటలు లేవు, వెకిలి డాన్సులు లేవు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడవచ్చు. మాటలు ఇంగ్లీషువే అయినా కథ తెలియడానికి పెద్దగా ఇంగ్లీషు రానక్కరలేదు. బావి సైరను, టోపీకి దీపం, షిఫ్టు దిగి నల్లటి మొహాలతో ఇంటికొచ్చే మనుషులు, ప్రమాదం జరిగిన రోజు బావి దగ్గర గుమిగూడే ఆడవాళ్లు, ఇవన్నీ మనం ఎరిగినవే.

పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో కోల్‌వుడ్ అనే చిన్న ఊరు. ఊరంతా బొగ్గు కంపెనీదే. తండ్రి తర్వాత కొడుకు బావిలో దిగడం అక్కడి ఆనవాయితీ. కాదంటే ఫుట్‌బాల్ బాగా ఆడి కాలేజీలో సీటు సంపాదించాలి. 1957 అక్టోబరు 4న రష్యా వారు స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపారు. హోమర్ హికమ్ అనే 14 ఏళ్ల కుర్రవాడు ఆ ఉపగ్రహం తన ఊరి మీదుగా పోవడం చూసి, నేనూ ఒక రాకెట్టు చేస్తానన్నాడు. తండ్రి బావిలో పెద్ద అధికారి. ఆయనకు ఇది పిచ్చి పనిగా తోచింది. మొదటి రాకెట్టు పేలి తల్లి కట్టించుకున్న దడి ఎగిరిపోయింది కూడా. కంపెనీ స్థలంలో ఇలాంటివి కూడదని తండ్రి ఆజ్ఞ వేస్తే, పిల్లలు మైళ్ల దూరం నడిచిపోయి ప్రయోగాలు చేశారు. చివరికి 1960లో ఇండియానాపోలిస్‌లో జరిగిన జాతీయ సైన్సు ప్రదర్శనలో బహుమతి గెలిచారు. ఇది కట్టుకథ కాదు. ఆ కుర్రవాడే పెద్దవాడై అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో ఇంజనీరుగా పనిచేశాడు. 1998లో తన బాల్యం గురించి రాసిన పుస్తకమే ఈ సినిమాకు ఆధారం. సినిమా వారు కొన్ని మార్చారనుకోండి. అసలు కథలో ఆరుగురు పిల్లలైతే బొమ్మలో నలుగురే కనబడతారు.

ఈ సినిమాను మెచ్చుకునేవారంతా అందులోని పంతులమ్మను మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిన మనిషే. మిస్ రైలీ అని నిజంగా ఉన్న ఉపాధ్యాయిని. బొగ్గుబావి పిల్లలు ఎక్కడికి పోతారులే అనుకోకుండా, రాకెట్ల గురించిన లెక్కల పుస్తకం తెచ్చి ఆ అబ్బాయి చేతిలో పెట్టింది. జబ్బు మనిషి. 1969లో చిన్న వయసులోనే చనిపోయింది. అయితే నా దృష్టిలో ఆ సినిమాలో ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. ఆయన వర్క్‌షాపులో పనివాడు. పేరు బైకోవ్‌స్కీ. పిల్లలు వచ్చి ఇనుప గొట్టం అడిగితే, పని చేసిపెట్టాడు, చేయడం నేర్పాడు. అందుకు ఆయనకు పైవాళ్ల ఆగ్రహం తగిలింది. వర్క్‌షాపు నుంచి తీసి భూగర్భంలోకి పంపారు. తర్వాత ఆయన స్థానంలో ఉన్న బోల్డెన్ అనే నల్లజాతి పనివాడు, మంట వెలువడే మూతికి మామూలు ఇనుము ఆగదని, ఏ రకం ఉక్కు కావాలో చెప్పాడు. పుస్తకం పంతులమ్మ ఇచ్చింది సరే. ఆ లెక్కను ఇనుము మీదికి దించింది లేతు మిషను ముందు నిలబడిన చేతులు. ప్రదర్శనలో పిల్లల సామాను దొంగలెత్తుకు పోతే, రాత్రికి రాత్రి మళ్లీ చేసి పంపింది కూడా ఆ వర్క్‌షాపే.

నేను ఈ విషయం పనిగట్టుకుని ఎందుకు చెబుతున్నానంటే, నేనూ ఒక బావి వర్క్‌షాపులో టర్నరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఏళ్ల క్రితం ఒక పిల్లవాడు గేటు దగ్గర నిలబడి, "కాకా, గా పైపు ముక్క ఇస్తవా? నీళ్ల మోటరు చేస్త" అన్నాడు. అది స్క్రాపులో పడివున్న ముక్క. ఎవరికీ అక్కరలేనిది. "పోరా, బడికి పో" అని తరిమేశాను. వాడు రెండోసారి రాలేదు. వాడి మోటారు ఏమైందో నాకు తెలియదు. బొమ్మలో బైకోవ్‌స్కీ ఆ గొట్టం కోసే దృశ్యం వచ్చినప్పుడు నా మనుమడు నవ్వుతున్నాడు, నేను మాత్రం తల వంచుకున్నాను.

ఇది పాత ముచ్చట అని తోసిపుచ్చడానికి లేదు. 1889లో ఇల్లెందు దగ్గర మొదలైన బొగ్గు తవ్వకం మన ప్రాంతానికి అన్నం పెట్టింది. కాని 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. ఓపెన్‌కాస్టుల్లో యంత్రాలే ఎక్కువ. కోల్‌వుడ్ బావి కూడా 1986లో మూతపడింది. తండ్రి ఉద్యోగం కొడుక్కి అనుకుని కూర్చునే రోజులు కావివి. చుట్టూ ఉన్న పల్లెల్లో పదో తరగతి గట్టెక్కిన కుర్రకారు ఏం చేస్తున్నారో సాయంత్రం పూట టీ కొట్ల దగ్గర చూస్తే తెలుస్తుంది.

డబ్బు లేక కాదు. కేంద్ర ప్రభుత్వం 'ఇన్‌స్పైర్ మానక్' పథకం కింద బడి పిల్లలకు ఆలోచన బాగుంటే నమూనా చేసుకోవడానికి 10 వేల రూపాయలు ఇస్తోంది. ఆలోచన ఎవరో చెబుతారు, నమూనా పట్నంలో కొనుక్కొస్తారు. ప్రదర్శన రోజు పిల్లవాడు కంఠస్థం చేసిన నాలుగు ముక్కలు అప్పగిస్తాడు. స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో వాడికి తెలియదు. తప్పు పిల్లవాడిది కాదు. వాడి పక్కన అరగంట నిలబడి, "ఇలా కాదు, ఇలా పట్టుకో" అని చెప్పే చేతి పనివాడు దొరకలేదు. ఉపాధ్యాయులను ఒక్కరినే అనడం కూడా న్యాయం కాదు. వారిలో చాలామంది ఉన్నంతలో చేస్తున్నారు. వెల్డింగు, మోటారు వైండింగు ఉపాధ్యాయ శిక్షణలో నేర్పరు.

ఇక ఈ రాకెట్ల వ్యవహారం ప్రమాదం కాదా అని తల్లిదండ్రులు అడగవచ్చు. ప్రమాదమే. మందుగుండు జోలికి పిల్లలను పోనివ్వరాదు. మన పిల్లలకు రాకెట్టే కావాలా? పాడైన బోరు మోటారు విప్పి చూడటం చాలు, పొలం పనికొచ్చే చిన్న పనిముట్టు చేసినా చాలు. పెద్దవాడు పక్కన ఉంటే చెయ్యి తెగదు, దడి ఎగరదు.

ప్రతి ఊళ్లో వెల్డింగు షాపు ఉంది. మోటారు వైండింగు చేసేవాడున్నాడు. బావి నుంచి దిగిపోయిన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు అరుగుల మీద పేకాడుతున్నారు. (నేనూ ఆడతాను, దాచడం దేనికి.) వీరిలో ఇద్దరు ముగ్గురు వారానికి ఒక సాయంత్రం బడికి వస్తే ఎవరి సొమ్మూ పోదు. గ్రామ పంచాయతీ వారు, ప్రధానోపాధ్యాయులు కలిసి పిలిస్తే రానివారు తక్కువ. ఎవరూ పిలవరు కాబట్టి ఎవరూ పోరు. మొదట ఆ సినిమానే బడి ఆవరణలో తెర కట్టి చూపించి, ఆ రాత్రే అడగడం మంచిది. చూసిన ఊపులో ఒప్పుకుంటారు.

నా దగ్గర ఒక చేతి డ్రిల్లు, రెండు వైసులు, ఆకురాళ్లు, హాక్సా ఉన్నాయి. శనివారాలు ఖాళీయే. బడివారు గొళ్లెం వేసివున్న గదుల్లో ఒకటి తీసి ఇస్తే చాలు. ఊడ్చడం కూడా నేనే చూసుకుంటాను.