ఏడాది ఉండి పోయేవాళ్ళ వల్ల ఏం ఒరిగింది?

స్త్రీల గురించి, జెండర్ గురించి పరిశోధించడానికి విశ్వవిద్యాలయానికి అతిథులుగా వచ్చేవాళ్ళంటే మన విద్యావంతుల్లో చాలామందికి చిన్నచూపు. ఏడాది ఉంటారు, పోతారు. పాఠం చెప్పరు, పేపర్లు దిద్దరు. ఆ డబ్బు దండగ అంటారు. ఈ మాట తప్పు. తప్పని చూపడానికి అమెరికన్ రచయిత్రి టిల్లీ ఓల్సెన్ ఒక్కరు చాలు.

1960లో అమెరికాలోని రాడ్‌క్లిఫ్ కళాశాల అధ్యక్షురాలు మేరీ బంటింగ్ ఒక పథకం ప్రకటించారు. సంసారంలో పడి చదువూ రాతా ఆగిపోయిన స్త్రీలకు కొంత భృతి, పనిచేసుకోను చోటు, హార్వర్డ్ గ్రంథాలయాల్లో ప్రవేశం. డాక్టరేట్ ఉండాలి, లేదంటే దానికి సాటివచ్చే పని చేసి ఉండాలి. ఆ రెండో షరతు వల్లే 1962లో ఓల్సెన్ అక్కడ అడుగుపెట్టగలిగింది. ఆమె కాలేజీ చదువు చదవలేదు. నలుగురు ఆడపిల్లల్ని పెంచుతూ, దొరికిన ఉద్యోగమల్లా చేస్తూ, ఏళ్ళ తరబడి కలం పట్టలేకపోయిన మనిషి. అక్కడ ఉన్న రెండేళ్ళలో ఆమె ఆలోచించింది సరిగ్గా దాని గురించే: రాయగలిగినవాళ్ళు ఎందుకు రాయలేకపోతారు? 1963లో తోటి పరిశోధకుల ముందు చేసిన ప్రసంగం పెరిగి పెరిగి 1978లో ‘సైలెన్సెస్’ పుస్తకమైంది.

అంతటితో ఆగలేదు. రెబెకా హార్డింగ్ డేవిస్ అనే రచయిత్రి ఇనుప మిల్లుల కూలీల మీద 1861లో రాసిన కథను లోకం మరిచిపోయింది. ఓల్సెన్ పూనికతో 1972లో ఫెమినిస్ట్ ప్రెస్ దాన్ని మళ్ళీ అచ్చువేసింది. మరుగునపడ్డ స్త్రీల రచనలను వెలికితీసే పనికి ఆ ప్రచురణ సంస్థ అలా శ్రీకారం చుట్టింది. సూసీ థారూ, కె. లలిత సంపాదకత్వంలో ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ మొదటి సంపుటం 1991లో వెలువరించింది కూడా ఆ సంస్థే. బెంగళూరు నాగరత్నమ్మ అచ్చువేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన ‘రాధికా సాంత్వనం’ కవయిత్రి, మన ముద్దుపళని, ఆ సంపుటంలో ఉంది. 1964లో రాడ్‌క్లిఫ్ గుమాస్తా లెక్క తేల్చి ఉంటే ఓల్సెన్ పద్దు కింద ఇందులో ఏ ఒక్కటీ కనిపించేది కాదు.

ఇక అర్హత మాట. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటిమాటలను టేపుల్లోకెక్కించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది స్త్రీ శక్తి సంఘటన. ఒక మహిళా సంఘం కూడి చేసిన పని అది. ఆ పోరాటం మీద ఎన్నో పుస్తకాలొచ్చాయి. దళంలో ఉన్న ఆడదాని ఆకలి, కన్న బిడ్డను వదులుకున్న దుఃఖం, పోరాటం ముగిశాక వంటింట్లోకి తిరిగి పంపేస్తే పడ్డ అవమానం ఈ పుస్తకంలోనే విన్నాం. ఇలాంటి పని చేయగల స్త్రీలు ఇప్పటికీ ఊళ్ళలో, సంఘాల్లో, బడుల్లో ఉన్నారు. నెట్ పాసయ్యారా అని అడిగి గుమ్మంలోనే ఆపేస్తే నష్టపోయేది విశ్వవిద్యాలయమే.

జెండర్ పాఠం ఇప్పుడు అన్ని శాఖల్లోనూ ఉంది, వేరే పరిశోధకులెందుకని అడిగేవాళ్ళూ ఉన్నారు. సిలబస్‌లో ఒక యూనిట్ ఉన్నంత మాత్రాన పరిశోధన జరగదు.

రాడ్‌క్లిఫ్ తొలి బృందాల్లో ఎక్కువమంది కలిగిన ఇళ్ళ తెల్లజాతి స్త్రీలేనన్న విమర్శ నిజం, గట్టిది. మన దగ్గర ఆ తప్పు జరగకూడదు. బీడీ కార్మికుల సంఘంలో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఆమెకు, జిల్లా కేంద్రంలో ఉండి రాసుకునే దళిత రచయిత్రికి మొదటి పిలుపు వెళ్ళాలి.

స్త్రీ అధ్యయన కేంద్రాలు నడుపుతున్నవారికి నా విన్నపం ఇది. ఏటా కనీసం ఇద్దరిని పిలవండి. డిగ్రీ అడగకండి, చేసిన పని చూడండి. కూర్చోను గది, గ్రంథాలయం కార్డు, ఇల్లు గడిచేంత భృతి, పసిపిల్లలుంటే వాళ్ళను చూసుకునే ఏర్పాటు ఇవ్వండి. ఏడాది తిరిగేసరికి నివేదిక ఇమ్మని వేధించకండి.