‘తెల్లారాక చూద్దాం’ అని మన చేత అనిపిస్తున్నదెవరు?

నాట్ల కాలం వస్తే ఇదే మాట వింటున్నాం. పాము కాటుతో రైతో, కూలీయో చనిపోతే “ఆలస్యంగా తీసుకొచ్చారు” అని తేల్చేస్తారు. తప్పంతా చనిపోయిన మనిషిదీ, మోసుకొచ్చిన కుటుంబానిదీ అయిపోతుంది. ఎందుకు ఆలస్యమైందని ఎవరూ అడగరు. మేము అడుగుతున్నాం.

రాత్రి పది గంటలకు మోటారు వేయడానికి పోయిన మనిషి కాలికి చురుక్కుమంది. పామో, ముల్లో తెలియదు. ఇంట్లో వాళ్లు లెక్కలు మొదలుపెడతారు. పీహెచ్‌సీలో ఈ వేళప్పుడు డాక్టరుంటాడా? ఉన్నా మందుంటుందా? లేకపోతే పట్నానికి కారు కిరాయి ఎంత? ప్రైవేటులో అడ్వాన్సు ఎంత కట్టమంటారు? తీరా అది ముల్లే అయితే ఆ డబ్బంతా దండగ కదా? ఈ లెక్కల చివరే “తెల్లారాక చూద్దాం” అన్న మాట వస్తుంది. దాన్ని రైతుల అజ్ఞానం అనడం అన్యాయం. వైద్యాన్ని ఊరికి దూరంగా ఉంచిన పాలకులే ఆ మాట మన చేత అనిపిస్తున్నారు.

ఇదేమీ చిన్న సమస్య కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది పాము కాటుతో చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా 58 వేల మంది. ఎక్కువ మంది పల్లె జనమే. చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2018 ఆగస్టులో దివిసీమలో పాము కాట్లు పెరిగితే ప్రభుత్వ దేవాదాయ శాఖ మోపిదేవిలో సర్పశాంతి యాగం చేయించింది. దేవుడి మీద మాకు గొడవ లేదు. కానీ యాగం చేసే సర్కారుకు, మంత్రం వేయించుకున్న రైతును మూఢుడనే హక్కు ఎక్కడిది?

అయితే పాలకులు మారేదాకా విషం ఆగదు. అందుకే మనలో మనం కూడా గట్టిగా మాట్లాడుకోవాలి. ఎప్పుడు బయల్దేరాలన్న ప్రశ్నకు ఒకటే జవాబు: పాము కరిచిందన్న అనుమానం వచ్చిన మరుక్షణం. లక్షణాల కోసం చూడకూడదు. కట్లపాము రాత్రిళ్లు నిద్రలో ఉన్నవాళ్లను కరుస్తుంది. పెద్దగా నొప్పి, వాపు ఉండవు. గంటలు గడిచాక కడుపునొప్పి వస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరి ఆగుతుంది. రక్తపింజర కరిస్తే రక్తం గడ్డకట్టడం మానేస్తుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

పసరు మందుతో, మంత్రంతో బతికారు కదా అని కొందరు వాదిస్తారు. కరిచే పాముల్లో చాలావాటికి విషం ఉండదు. విషప్పాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కదు. అలా బతికినవాళ్లంతా మంత్రగాడి ఖాతాలో పడుతున్నారు, చచ్చినవాళ్లు మాత్రం తలరాత ఖాతాలో పడుతున్నారు. విషం ఎక్కితే విరుగుడు యాంటీ వెనమ్ ఒక్కటే. కాలికి తాడు బిగించొద్దు, గాటు పెట్టొద్దు, పామును వెతుకుతూ కాలం పోగొట్టొద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కాలు కదలకుండా కర్రతో బద్దకట్టి, నడిపించకుండా తీసుకెళ్లాలి. కాటు వేసిన టైము గుర్తుంచుకోవాలి. 108కి ఫోను చేయాలి, అది రావడం ఆలస్యమైతే దొరికిన బండి ఎక్కించాలి. ముల్లని తేలితే పోయేది ఒక పూట. పామైతే మిగిలేది ప్రాణం.

ఇక సర్కారు చేయాల్సింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకే మందు పనిచేస్తుంది. రక్తం గడ్డకట్టిందో లేదో తేల్చడానికి గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే చాలు. ఇది పీహెచ్‌సీలో చేయలేని పనా? పాము కాటు చావులను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో ప్రణాళిక ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో ప్రతి కాటునూ తప్పనిసరిగా నమోదు చేయించాలని రాష్ట్రాలను కోరింది. కాగితం మీది మాటలు గట్టు మీదికి రావాలి.

మా డిమాండ్లు ఇవి. ప్రతి పీహెచ్‌సీలో కనీసం మొదటి డోసుకు సరిపడా 10 వయల్స్ యాంటీ వెనమ్ ఎప్పుడూ ఉండాలి. ఎన్ని ఉన్నాయో గేటు దగ్గర బోర్డు మీద రోజూ రాయాలి. రాత్రిపూట ఆ మందు ఎక్కించగల సిబ్బంది ఉండాలి. అవసరమైనవాళ్లకు మొదటి డోసు ఇవ్వకుండా ఉత్త చేతులతో పట్నానికి పంపకూడదు. వ్యవసాయానికి కరెంటు పగలే ఇవ్వాలి. గమ్‌బూట్లు, టార్చిలైట్లు రైతులకు, కౌలుదార్లకు, కూలీలకు సబ్సిడీపై ఇవ్వాలి.

మన గ్రామ కమిటీలకు ఒక పని. నాట్లు పడేలోగా మీ పీహెచ్‌సీకి పది మంది కలిసి వెళ్లండి. మందు ఎంత ఉందో, రాత్రి ఎవరుంటారో అడిగి రాసుకోండి. లేకపోతే ఆ రోజే డాక్టరుకు వినతిపత్రం ఇచ్చి నకలు తెచ్చుకోండి. మందు ఉండే దగ్గరి ఆసుపత్రి పేరు, రాత్రి బండి తీయగలవాళ్ల ఫోను నంబర్లు రచ్చబండ దగ్గర గోడ మీద రాయించండి.