మద్దెల నిజముగా ఓడైనచో?

“ఆడలేక మద్దెల ఓడన్నదట” అను సామెతను మనమందరము చిన్ననాటనే వినియున్నాము. తన సోమరితనమును దాచుకొనుటకై పనిముట్టుపై నెపము వేయువారికి అది తగిన చీవాటు. కాని దానిని ప్రతి బాలికపైనను ప్రయోగింపవచ్చునా? ఒక్కొక్కప్పుడు మద్దెల నిజముగానే ఓడై యుండరాదా? ఈ నెల ఆ సంగతిని, గిటారు వాద్యమును నిదర్శనముగా గైకొని ముచ్చటింపదలచితిమి.

ఇప్పుడు మన ఇండ్లలో పలువురు బాలికలు గిటారు నేర్చుకొనుచున్నారు. మొదటి మాసమున ఉత్సాహము. రెండవ మాసమున వ్రేళ్లనొప్పి. మూడవ మాసమున వాద్యము బీరువా మీదికెక్కును. “దీని చేయి చిన్నది, దీనికి సంగీతము రాదు” అని ఇంటిల్లిపాదియు తీర్పు చెప్పుదురు. ఆ మాట బాలిక మనస్సున నాటుకొని, మరి యే వాద్యమును ముట్టనీయదు. అట్టి తీర్పునకు ముందు గిటారు మెడపై నున్న మెట్ల పలకను ఒక్కమారు పరీక్షింపుడని మా మనవి.

వీణకు మెట్లున్నట్లే గిటారునకును లోహపు మెట్లుండును. అవి నాటిన కొయ్యయే మెట్ల పలక. ఎడమచేతి వ్రేళ్లు పనిచేయు చోటు అదియే గనుక, దాని ఆకారమును బట్టియే చేతికి సుఖమో కష్టమో కలుగును. అందు చూడదగినవి మూడు: వంపు, వెడల్పు, మెట్ల నడిమి దూరము.

ముందుగా వంపు సంగతి. చిన్న ముంత పెంకును, పెద్ద కాగు పెంకును ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ముంత పెంకు బాగుగా వంగియుండును. కాగు పెంకు ఇంచుమించు చదునుగా నుండును. మెట్ల పలక వంపును గూడ ఇట్లే, అది యెంత పెద్ద వృత్తములోని ముక్కయో చెప్పి కొలుతురు. అమెరికా దేశపు ఫెండర్ కంపెనీవారు 1950 తరువాతి దినములలో చేసిన విద్యుత్ గిటార్లకు ఆ వృత్తపు వ్యాసార్ధము 7.25 అంగుళములు. గిబ్సన్ కంపెనీవారి వానికి సాధారణముగా 12 అంగుళములు. మార్టిన్ కంపెనీవారి ఇనుప తీగల గిటార్లకు 16. అంకె పెరిగిన కొలది పలక చదునగును. 43 మిల్లీమీటర్ల వెడల్పు గల పలకకు లెక్క కట్టినచో, మొదటిదానిలో నడుము అంచులకంటె సుమారు 1.25 మిల్లీమీటరు ఎత్తుగా నుండును. కడపటిదానిలో అర మిల్లీమీటరునకు కొంచెము పైగా మాత్రమే. బియ్యపుగింజ మందమైనను లేని భేదమే యిది. కాని వ్రేలు దీనిని వెంటనే గుర్తించును.

ఎట్లన, గిటారులో చూపుడు వ్రేలిని అడ్డముగా పరచి ఆరు తీగలను ఒక్కమారే నొక్కవలసిన పట్టు కలదు. మన వ్రేలు గీటుకర్ర వలె నిటారుగా నుండునది కాదు. కనుక కొంచెము వంపు గల పలకపై ఆ పట్టు సుకరముగా కుదురును. మిక్కిలి చదునైన పలకపై వ్రేలిని పూర్తిగా చాచి నొక్కనిచో, కీలు ముడుత క్రింద పడిన తీగ మూగబోవును. మరి వంపెక్కువయిన పలకయే మేలా యనిన, దానికిని ఒక చిక్కు కలదు. తీగను ప్రక్కకు లాగి స్వరమును పెంచునపుడు, ఆ తీగ పలక నడిమి ఎత్తును దాటవలసి వచ్చును. తీగలు పలకకు మరీ దగ్గరగా నున్నచో, లాగిన తీగ పై మెట్లకు తగిలి నాదము చచ్చును. చదును పలకపై ఈ బాధ తక్కువ. అందుచేతనే కొందరు పనివారు తలవైపు ఎక్కువ వంపును, క్రిందికి పోను పోను చదునును ఉండునట్లు పలకను మలచుచున్నారు.

ఇక వెడల్పు. నైలాను తీగల శాస్త్రీయ గిటారు స్పెయిన్ దేశపు సంప్రదాయము. ఆ దేశమున 19వ శతాబ్దిలో ఆంటోనియో దె టోరెస్ అను పనివాడు (1817–1892) దానికి నేటి రూపమును దిద్దెను. దాని పలక చదునైనది. తలవద్ద వెడల్పు సుమారు 52 మిల్లీమీటర్లు. కుడిచేతి వ్రేళ్లు ఒక్కొక్క తీగను వేరువేరుగా మీటుటకు ఆ యెడము ఉపకారి. కాని చిన్న చేతికి ఆవలి తీగను అందుకొనుట ప్రయాస. ఇనుప తీగల గిటారునకు ఆ వెడల్పు సుమారు 43 లేక 44 మిల్లీమీటర్లే. పట్టునకు సుళువే గాని, ఆ తీగలు వ్రేలికొనలను ఎక్కువగా కోయును. కావున ఈ రూపములలో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది యనుటకు వీలులేదు. ఏ పనికి ఏది, ఏ చేతికి ఏది యన్నదే ప్రశ్న.

మూడవది మెట్ల నడిమి దూరము. పెద్దల శాస్త్రీయ గిటారులో మ్రోగు తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. దానిలో మొదటి మెట్టు నుండి నాలుగవ మెట్టు వరకు సుమారు 98 మిల్లీమీటర్లు వచ్చును. తీగ పొడవు 580 గల పిల్లల గిటారులో అదే దూరము 87 మాత్రమే. పదేండ్ల బాలిక చేతికి ఈ 11 మిల్లీమీటర్లు సామాన్యమైనవి కావు. “ఎట్లును ఎదుగును గదా” యని పెద్ద పరికిణీ కుట్టించినట్లు పెద్ద గిటారు కొనుట పొదుపు కాదు.

వాద్యమును చేతికి తగినట్లు మార్చుకొనుట చేతకానివారి పని యనుకొందురేమో! మన వీణనే చూడుడు. దాని 24 మెట్లు మైనముపై ఎత్తుగా నిలుపబడియుండుటచే వ్రేలు కొయ్యకు తగులదు. గమకమునకై తీగను లాగుటకు చోటు దొరకును. ఇంగ్లండు దేశస్థుడగు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970 తరువాత ‘శక్తి’ బృందమున మన విద్వాంసులతో కలిసి వాయించునపుడు, మెట్ల నడుమ కొయ్యను పల్లముగా చెక్కిన గిటారును చేయించుకొనెను. పాలకొల్లున 1969లో జన్మించి 2014లో స్వర్గస్థులైన ఉప్పలపు శ్రీనివాస్ గారు మాండలిన్‌కు సహజమైన నాలుగు జంట తీగలను విడిచి, అయిదు ఒంటి తీగలతో కర్ణాటక సంగీతమును పలికించిరి. ఇట్టి విద్వాంసులకు లేని సిగ్గు మన బిడ్డకు ఏల?

కావున తల్లులు చేయదగిన పని చెప్పుచున్నాము. కొనుటకు ముందు బాలికను దుకాణమునకు వెంట బెట్టుకొని పొండు. కూర్చుండబెట్టి, నాలుగు వ్రేళ్లను మొదటి నాలుగు మెట్లపై నుంచుమనుడు. మణికట్టు మెలిపడక, భుజము పైకి లేవక వ్రేళ్లు అందినచో పరిమాణము సరిపోయినట్లే. ఇంట నిదివరకే యున్న గిటారైనచో, 12వ మెట్టు వద్ద తీగ యెంత ఎత్తున నున్నదో చూడుడు. ఇనుప తీగలకు 2 నుండి 3, నైలాను తీగలకు 3 నుండి 4 మిల్లీమీటర్లు సామాన్యము. అంతకు మించినచో బాగుచేయువారికి చూపవలెను. అడ్డపట్టు మొదటి మెట్టు వద్ద దుస్సాధ్యమై, అయిదవ మెట్టు వద్ద సులభముగా పలికినచో, తలవద్ద తీగలు ఆనియుండు దిమ్మ గాడులు ఎత్తుగా నుండవచ్చును. అది కొద్దిపాటి అరగదీతతో తీరు లోపము.

నొప్పిలోను భేదము కలదు. వ్రేలికొనలు మండుట తొలివారములలో సహజము. చర్మము గట్టిపడగానే పోవును. మణికట్టునను, బొటనవ్రేలి మొదటను పోటు పుట్టుట, వ్రేళ్లు తిమ్మిరెక్కుట సహజము కాదు. అప్పుడు వాయించుట మానిపించి, గురువుగారితో చెప్పి, తగ్గనిచో వైద్యునకు చూపుడు.

పలక కుదిరినంత మాత్రమున పాట రాదు. నిత్యసాధన చేయవలసినదే, చేయని బిడ్డను మందలింపవలసినదే. కాని ఆ మందలింపు న్యాయమైనదిగా నుండవలెనన్నచో, ముందు మద్దెలను చక్కబరచి యీయవలెను. బీరువా పైకెక్కిన గిటారు మీ ఇంట నున్నచో, ఈ వారమే దింపి కొలిచి చూడుడు.