దూరమునుండి కూడి పనిచేయుట

ఉపాధ్యాయ శిక్షణ పొందువారికిని, పై తరగతుల విద్యార్థులకును ఇప్పుడు అంతర్జాలముమీద జట్టుపని యొప్పగించుట వాడుకయైనది. నలుగురైదుగురు తమ తమ యిండ్లయందే యుండి, ఒక పాఠమును బోధించు విధమును కలసి రూపొందింపవలెను. 2020వ సంవత్సరము మార్చి నెలలో పాఠశాలలు మూతపడిన నాటినుండి యీ పద్ధతి తల్లిదండ్రులకు సైతము పరిచితమే. దీనిని గూర్చి వినవచ్చు ఫిర్యాదు తఱచుగా నొక్కటే: ఇద్దరు పనిచేసిరి, ఐదుగురికిని మార్కులు వచ్చినవి.

ఈ దోషమునకు సెల్‌ఫోనును, దూరమును నిందించుట పరిపాటి. నాకది న్యాయముగా తోచదు. ఫ్రాన్సు దేశపు వ్యవసాయ యంత్రశాస్త్రజ్ఞుడు రింగెల్‌మన్ 1913లో ప్రకటించిన ప్రయోగములలో అంతర్జాలము లేదు; త్రాడు మాత్రమే కలదు. ఎనమండుగురు కలసి త్రాటిని లాగినపుడు ఒక్కొక్కని వంతు, వాడు ఒంటరిగా లాగిన బలములో ఇంచుమించు సగమే యయ్యెను. 1979లో అమెరికాలో లతానే మొదలగువారు చప్పట్లతోను, కేకలతోను పరీక్షించి, ప్రక్కన నితరులును కేకవేయుచున్నారని నమ్మినంత మాత్రముననే మనుష్యుడు గొంతు తగ్గించునని చూపిరి. ఎవరి కేక యెంతయో వేరుగా తెలియునని నమ్మించినపుడు ఆ తగ్గుదల కానరాలేదని వారే 1981లో ప్రకటించిరి.

ఈ విషయమున అంతర్జాలమే మనకు సాయపడగలదు. పలువురు కలసి వ్రాయు పత్రమున, ఎవరు ఏ దినమున ఏ వాక్యమును చేర్చిరో, కొట్టివేసిరో యంతయు నిలిచియుండును. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసమునకును 'చరిత్ర' యను పుట యుండుట చూడుడు. బల్లచుట్టు కూర్చున్న జట్టునకు ఇట్టి సాక్ష్యమేది? (పంక్తులు లెక్కించి మార్కులు వేయువారును కలరు, వారికొక నమస్కారము.)

అయినను సాక్ష్యముకంటె ముందు కావలసినది పని పంపకము. 1971లో టెక్సాసు రాష్ట్రపు ఆస్టిన్ నగరమున తెల్లవారి బిడ్డలును, నల్లవారి బిడ్డలును, మెక్సికో సంతతివారి బిడ్డలును అప్పుడప్పుడే ఒక తరగతిలో కూర్చుండ మొదలిడిరి. వారిలో వైరము మిక్కుటము. ఎలియట్ అరాన్సన్ పాఠమును ముక్కలుచేసి, ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క ముక్క మాత్రమే యిప్పించెను. తక్కినవారు ఆ ముక్కను ఆ బిడ్డ నోటనే వినవలెను. ఎగతాళి చేసిన నోళ్లే ప్రశ్నలడుగవలసివచ్చెను.

మన యూరి చెరువును గూర్చి పాఠము రూపొందించు జట్టును తీసికొందము. ఒకరు పటము గీయుదురు. ఒకరు తూము క్రింది ఆయకట్టు లెక్క తెత్తురు. ఒకరు పెద్దలనడిగి చెరువు కథ వ్రాయుదురు. ఒకరు తరగతిలో నడుగదగిన ప్రశ్నలు కూర్చుదురు. ఆయకట్టు లెక్క రానిదే ప్రశ్నలు పుట్టవు. అప్పుడు లెక్క తేవలసినవానిని తక్కినవారు ఊరకుండనీయరు.

ఉపాధ్యాయులకు ఇంకొక మాట. ఇంట ఒక్కటే ఫోనుండి, తండ్రి పనినుండి వచ్చువఱకు అది చేతికందని పిల్లలు పెక్కుమంది కలరు. సాయంత్రము ఆరుగంటలకు అందరును తెరమీద కనబడవలెనని కట్టడి చేసినచో, ఆ పిల్లవాడు సోమరియని వ్రాయబడును. గంట నిర్ణయింపక గడువు దినమును నిర్ణయించినచో, రాత్రి పదింటికైనను తన ముక్కను తాను వ్రాసి పెట్టగలడు.