నోటిఫికేషన్ ఆపింది మీరు, వయసు మీరింది మాకా?

మా పల్లెలో ఒక అక్క ఉంది. ఇరవై రెండేళ్లుగా ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతోంది. ఆమె దగ్గర ఎక్కాలు నేర్చిన పిల్లలిద్దరు ఇవాళ సర్కారు టీచర్లు. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు మెగా డీయస్సీ పడింది. అక్క అప్లికేషన్ పెట్టబోతే కంప్యూటరు తీసుకోలేదు. 2024 జూలై 1 నాటికి ఓసీలకు 44, యస్సీలకు 49 దాటకూడదంట. సర్టిఫికెట్ ప్రకారం అక్కకు నెల రోజులు ఎక్కువైంది.

'సర్టిఫికెట్ ప్రకారం' అని ఊరికే అనడం లేదు. అందులో ఉన్నది 1975 జూన్ 1. మన పల్లెల్లో సగం మంది జూన్ ఒకటినో, జూలై ఒకటినో పుడతారు! నాదీ అంతే. బళ్లో వేసేనాడు అయ్యకు తేదీ తెలీదు, మాస్టారు పిల్ల ఎత్తు చూసి ఏదో రాశాడు. వాళ్లమ్మనడిగితే, "ఉప్పెన వచ్చిన్నాడు ఇది చంకలోనే ఉంది నాయనా, ఇంకా నడక రాలేదు" అంటది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో. ఆ తల్లి లెక్క ఏ ఆఫీసులో చెల్లుద్ది?

పోనీ, సర్టిఫికెట్టే నిజమనుకుందాం. మిరపకోతలొస్తే బడి మానింది, పత్తితీతలొస్తే బడి మానింది. పదో తరగతికీ డిగ్రీకీ మధ్య కొన్నేళ్లు కూలికే పోయాయి. డిగ్రీ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో, బీయిడి ఇద్దరు పిల్లలు పుట్టాక. ఎకరాలున్న ఇంటి బిడ్డ ఇరవై మూడేళ్లకు చేరే చోటికి మన బిడ్డ ముప్పై అయిదుకు చేరుతుంది. అయిదేళ్ల సడలింపు ఇచ్చామని ఉపకారం చేసినట్టు చెబుతారు. అది ఉపకారం కాదు, మా బాకీలో ఒక వాయిదా.

ఇక అసలు సంగతి. 2018 అక్టోబరు డీయస్సీ తర్వాత మళ్లీ పరీక్ష దాకా వచ్చిన పెద్ద డీయస్సీ 2025 ఏప్రిల్‌దే. మధ్యలో 2024 ఫిబ్రవరిలో ఒకటి వేసి రద్దు చేశారు. ఆరున్నరేళ్లు! పచ్చజెండా అయినా మూడురంగుల జెండా అయినా మాకొకటే. నోటిఫికేషన్ వెయ్యనిది సర్కారు, వయసు పెరిగింది మాకు, శిక్షా మాకే. కల్లంలో తాలుకాయ ఏరి పారేసినట్టు ఏరేశారు.

యాభై ఏళ్లకు ఓపిక ఉండదు, కొత్త పాఠాలు ఎక్కవు అంటారా? మరి ఉద్యోగంలో ఉన్నవాళ్లకు రిటైర్మెంటు వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి ఎందుకు పెంచారు? నేనూ ఆ లబ్ధి పొందేవాణ్ణే, సిగ్గుపడుతూనే రాస్తున్నా. లోపల కుర్చీలో ఉన్నవాడికి వయసు అనుభవం, బయట గుమ్మంలో నిలబడ్డవాడికి అదే వయసు అనర్హత!

ఇంకో చిత్రం చూడండి. 1998 డీయస్సీలో క్వాలిఫై అయి ఉద్యోగం రానివాళ్లను పాతికేళ్ల తర్వాత, 2023లో బడుల్లోకి తీసుకున్నారు. చాలామంది యాభై దాటినవాళ్లే. అప్పుడు వయసు అడ్డం రాలేదు. ఎందుకని? ఇచ్చింది కాంట్రాక్టు ఉద్యోగం, మినిమమ్ టైం స్కేలు. చవగ్గా దొరికితే ముసలోళ్లూ పనికొస్తారన్నమాట.

డీయస్సీలో పరీక్షకు 80, టెట్‌కు 20 మార్కులు. ఇరవై రెండేళ్ల సుద్దముక్కకు సున్నా. అమెరికాలో నలభై దాటినవాళ్లపై ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని 1967లోనే చట్టం చేశారు. మన రాజ్యాంగం 16(2)లో కులం ఉంది, మతం ఉంది, వయసు లేదు.

కుర్రాళ్ల నోటికాడ కూడు లాగుతున్నారని కొందరు మిత్రులే అంటున్నారు. మేమడిగేది పరీక్ష రాయనివ్వమని. మార్కులు రాకపోతే ఇంటికి పోతాం. సర్కారు ఎగ్గొట్టిన ఏళ్లు మా వయసులోంచి తీసెయ్యాలి, ప్రైవేటు బళ్లో చెప్పిన ఏళ్లకు మార్కులివ్వాలి.

వచ్చే సోమవారం ఒంగోలు కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తున్నాం. మాస్టారు పుట్టించిన తేదీలవాళ్లంతా రండి. మీ అమ్మల్నీ తీసుకురండి, ఉప్పెన సంగతి వాళ్లే చెబుతారు.