ఆ బియ్యం ఎవరివి?



2020 అక్టోబరులో నాగోల్ నుండి మన సంఘపు బిడ్డ ఒకామె ఫోను చేసింది. పని కోసం ఊరు విడిచి అక్కడ కింది అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్న కుటుంబం. మీలో చాలామందికి తెలిసినవాళ్లే, పేరు వద్దు. "అయ్యగారూ, నీళ్లు మంచం మీదికొచ్చి పోయినయి. బియ్యం డబ్బా మునిగిపోయింది. ఆర్.సి.ఎం. సిస్టరమ్మలు వచ్చి పేర్లు రాసుకుపోయిండ్రు. రేపు బియ్యం, దుప్పట్లు ఇస్తరంట. తీసుకోవచ్చా?"

ఆ ప్రశ్న ఆమెలో దానంతట అది పుట్టలేదు. మేమే నేర్పాము. ఏళ్ల తరబడి ప్రసంగంలో మేము విసిరిన మాటలు అన్నం లేని ఇంట్లోనుండి అలా తిరిగొచ్చాయి. ఆ రోజు మేమిచ్చిన జవాబు తలచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది. "కొంచెం ఓపిక పట్టమ్మా, మన సంఘమే పంపిస్తుంది" అన్నాము. పంపించాము కూడా, తొమ్మిది రోజులకు. అప్పటిదాకా ఆ ఇంట్లో ఉడికింది సిస్టరమ్మల బియ్యమే. ఆమె మా మాట వినలేదు, దేవునికి స్తోత్రం.

ఇప్పుడిదంతా ఎందుకంటే, మొన్న పాస్టర్ల కూడికలో మళ్లీ అదే మాట వచ్చింది. ఆర్.సి.ఎం. వాళ్లతో కలిసి పంచితే మన సాక్ష్యం పోతుందట. నిలబడి మాట్లాడిన సేవకుల పట్ల మాకు గౌరవమే. కానీ ఆ మాట తప్పు, వాక్యానికి విరుద్ధం.

ముందు జరిగింది గుర్తు చేసుకుందాం. అక్టోబరు 13న వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి, ఆ రాత్రికి హైదరాబాదు మీద కురిసింది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన. ఇంకా ఇళ్లలో బురద ఎత్తుతుండగానే 17వ తేదీన మళ్లీ కురిసింది, ఉప్పల్ దగ్గరి బండ్లగూడలో 15 సెంటీమీటర్లు. అక్కడి చెరువులు గొలుసుకట్టు. ఒకటి నిండితే అలుగు పారి కిందిదానికి పోవాలి. పోయే దారిలో మనం ఇళ్లు కట్టుకున్నాం కాబట్టి నీళ్లు ఇళ్లలోకే వచ్చాయి. నాగోల్ పక్కనే మూసీ. అయ్యప్ప కాలనీ పేరు ఆ వారమంతా వార్తల్లో విన్నాం. ప్రభుత్వం మునిగిన కుటుంబానికి 10,000 రూపాయలు ప్రకటించింది, మంచిదే. అయితే నవంబరులో నగరపాలక ఎన్నికల ప్రకటన రావడంతో ఆ పంపిణీ మధ్యలో ఆగింది. అందనివాళ్ల గతి ఏమిటి? గల్లీలోకి నడిచి వచ్చినవాళ్లే దిక్కు.

కతోలికుల పని తీరు మేము దగ్గరగా చూశాము, అందుకే చెబుతున్నాము. వారి బిషప్పులు 1962లో కారితాస్ ఇండియాను స్థాపించారు. అది మేత్రాసనాల సామాజిక సేవా సంఘాల ద్వారా పనిచేస్తుంది, దాని కింద విచారణ, విచారణలో ఫాదరు, సిస్టరమ్మలు. ఏ గల్లీలో ఒంటరి ముసలమ్మ ఉందో, ఏ ఇంట్లో అద్దెకున్నవాళ్లకు కాగితాలు లేవో వాళ్లకు వరద రాకముందే తెలుసు. నాగోల్ వచ్చిన ఆ సిస్టరమ్మలు ముందు పేర్లు రాసుకున్నారు, తరువాత బియ్యం తెచ్చారు. మనం? ముందు బ్యానరు కొట్టిస్తాం, తరువాత బియ్యం కొంటాం, ఆ తరువాత ఇవ్వడానికి మనుషుల్ని వెదుకుతాం. బండి ఆగే రోడ్డు పక్కన ఉన్న ఇంటికి మూడు సంఘాల మూటలు మూడు చేరతాయి. వెనక గల్లీకి ఒక్కటీ చేరదు. జాబితాలు ఒకరికొకరు చూపించుకుంటే తీరే సమస్య ఇది. అంతకు మించిన ఐక్యత ఎవరూ అడగడం లేదు. ఎవరి ప్రార్థన వాళ్లదే, ఎవరి బల్ల వాళ్లదే.

కోస్తా నుండి వచ్చిన మన పెద్దలను అడగండి. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి వేలమంది కొట్టుకుపోయినప్పుడు మదర్ థెరెసా వచ్చారు. మన ప్రొటెస్టంటు సంఘాలు 1947లో పెట్టుకున్న కాసా కూడా ఆ తీరంలో పనిచేసి తుఫాను షెల్టర్లు కట్టించింది. షెల్టరు తలుపు దగ్గర నీ బాప్తిస్మం ఏ విధమైనదని అడిగినవాడు ఎవడైనా ఉన్నాడా? 1908లో మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి సుమారు నూటయాభై మంది బతికారని చెబుతారు. ఆ కొమ్మల మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఊహించుకోండి.

1994లో సహాయ సంస్థలకు ఒక నియమావళి వచ్చింది. దానికి పూనుకున్నవారిలో రెడ్‌క్రాస్‌తో పాటు కతోలికుల కారితాస్ ఇంటర్నేషనాలిస్ ఉంది, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఉంది, ప్రపంచ సంఘాల మండలి ఉంది. అవసరాన్ని బట్టే ఇవ్వాలి, మతం చూడకూడదు, ఇచ్చినదాన్ని మత వ్యాప్తికి వాడకూడదు అన్నారు. మన సహోదరులకు మింగుడుపడనిది ఈ చివరిదే. "అలాగైతే మనమెందుకు ఇవ్వాలి?" అని ఒకరు మా ముఖం మీదే అడిగారు.

అయ్యా, లూకా సువార్త పదవ అధ్యాయం తెరవండి. సమరయుని ఆరాధన సరైనదని యేసు ఎక్కడా అనలేదు. యోహాను నాలుగులో సమరయ స్త్రీతో, మీరు ఆరాధించేది మీకే తెలియదని తేటగా చెప్పాడు. అదే యేసు యెరికో దారి కథలో యాజకుణ్ణి, లేవీయుణ్ణి దాటించి, సిద్ధాంతం తప్పిన ఆ సమరయుణ్ణే పొరుగువాడిగా నిలబెట్టాడు. ఆ సమరయుడు గాయపడినవాణ్ణి గెరిజీము కొండకు తీసుకుపోలేదు, పూటకూళ్ల ఇంటికి తీసుకుపోయాడు. తాను వెళ్లవలసి వచ్చినప్పుడు రెండు దేనారాలు ఇచ్చి మిగతా సేవ ఆ ఇంటి యజమానికి అప్పగించాడు. కలిసి పనిచేయడం అంటే అదే కదా! మరియమ్మ విషయంలో, పోపు విషయంలో మా బోధ నిన్న ఏదో నేడూ అదే. గోనెసంచి ఒక కొస ఫాదరుగారు, ఒక కొస మేము పట్టుకున్నంత మాత్రాన అది మారదు.

అసలు భయం వేరే ఉందేమోనని మాకు అనుమానం. పౌలు యెరూషలేము బీదల కోసం చందా పంపినప్పుడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ణి జత చేశాడు, డబ్బు విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని. రెండవ కొరింథీ ఎనిమిదిలో చూడండి. కలిసి పనిచేస్తే లెక్క నలుగురి ముందు పెట్టాలి. 2020లో మేము పోగుచేసిన చందా మా చేతి సంచిలోనే ఉంది, మా నోటి మాటే దానికి రసీదు. పైసా తినలేదు. కానీ ఎవరైనా అడిగి ఉంటే చూపించడానికి కాగితం లేదు.

ఈ వానాకాలానికి సహాయ పెట్టె తెరిచాము. లెక్క ఇద్దరు రాస్తారు, వారిలో ఒకరు మా ఇంటివారు కారు. నాగోల్, ఉప్పల్, నాచారంలో ఉంటున్న మన యువకులు తమ గల్లీలో ముసలివారి, ఒంటరివారి, కింది అంతస్తు అద్దెవారి పేర్లు నెలాఖరులోగా పంపండి. హిందువులవి, ముస్లిములవి కూడా రాయండి. ఆ జాబితా నకలు అక్కడి విచారణ ఫాదరుగారికి మేమే తీసుకుపోయి ఇస్తాము.

పెట్టె మీద సంఘం పేరు రాయించలేదు. రాయించాలని పట్టుబడుతున్న పెద్దలు ఆదివారం ఆరాధన అయ్యాక కాసేపు ఆగండి, మాట్లాడుకుందాం.