సంపాదకుని మాట: కానుక కంటే ముందు

న్యాల్‌కల్ మండలంలో ఇప్పుడు ఏ అరుగు మీద కూర్చున్నా మాట భూమి ధర దగ్గరికే వస్తుంది. నిమ్జ్ (జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి) కోసం ఇక్కడా, పక్కనున్న ఝరాసంగంలోనూ భూసేకరణ మొదలయ్యాక ఎకరం లెక్కలు ఇళ్లలోకీ వచ్చాయి. పరిహారం అందిన ఇంట్లో చెల్లెలి వాటా ఆమె అడగకముందే ఇస్తామా? కందుల బస్తాలో అడుగున పుచ్చు గింజలు పోసి, పైన మేలురకం కప్పుతామా? ఆరాధన వేళకే చెరకు లోడు పంపమని ఫోనొస్తే ఏమంటాం? విశ్వాసమా, లోకమా అన్న ప్రశ్న మనకు ఎదురయ్యేది ఇలాంటి చోట్లే. అపొస్తలుడైన పౌలు జతపనివాడు దేమా ఆయనను విడిచిపోయింది హింసలకు తాళలేక అని లేఖనం చెప్పదు, లోకం మీది మమకారంతో అంటుంది.

అలాగని పొలం, వ్యాపారం వదిలేయమని కాదు. మన ఉమ్మడి మెదక్‌లోనే చూడండి. కరువు రోజుల్లో మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపి, కూలికి తిండి పెట్టి మెదక్ చర్చి కట్టించారు. 1924 డిసెంబరు 25న దాని ప్రతిష్ఠ జరిగింది. అక్కడ భక్తికీ బతుకుతెరువుకీ పోటీ రాలేదు.

ఈ సంచికలోని సాక్ష్యాలన్నీ నిత్యజీవితంలోని ఇలాంటి ఎంపికల గురించే. చదివాక ఒక్క పని చేయండి. ఎవరికైనా కూలి, బాకీ, వాటా ఇవ్వాల్సి ఉంటే, కానుక వేసే ముందు అది తీర్చండి.

– సంపాదకుడు